చెవిలోని హోరుకు కొలబద్ద

డాక్టర్ల సదస్సు అంటే మనలో చాలామందికి చిన్నచూపు. గేటు దగ్గర ఫ్లెక్సీ, మెడలో పేరు బిళ్ల, మందుల కంపెనీ పంచిన సంచి, పదకొండింటికి చాయ్, ఒంటిగంటకు బిర్యానీ, ఆ తర్వాత సగం ఖాళీ అయిన హాలు. ఈ చిన్నచూపు పూర్తిగా అన్యాయమని నేననను. కానీ అప్పుడప్పుడూ ఒక సదస్సులోంచి ఒక పనిముట్టు పుడుతుంది. అది మందూ కాదు, యంత్రమూ కాదు. కొన్ని ప్రశ్నలు, కొన్ని కొలతలు, అవి ఏ వరసలో రావాలో చెప్పే నాలుగు కాగితాలు. పైపైన చూస్తే ఆఫీసు ఫారంలా ఉంటుంది. దగ్గరికి వెళ్లి ఒక్కో ప్రశ్న ఎందుకు అక్కడుందో, ఎందుకు అలాగే ఉందో చూస్తే దాని పనితనం బయటపడుతుంది. చెవిలో హోరు గురించి 1979 నుంచి ఇప్పటిదాకా జరిగిన సదస్సులు అలాంటి పనిముట్టు ఒకటి తయారుచేశాయి. దాన్ని మా కరీంనగర్ వైపు నుంచి చూసి పరిచయం చేస్తాను.

మా వైపు నుంచే ఎందుకంటే, ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో చప్పుడు మధ్యనే బతుకు గడిపేవాళ్లు చాలామంది. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడుస్తున్న షెడ్డులోకి అడుగుపెడితే పక్క మనిషి మాట వినపడదు. పెదవుల కదలిక, చేతి సైగ చూసుకునే పని నడుస్తుంది. గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ బొగ్గుబాయిల్లో డ్రిల్లులూ ఫ్యాన్లూ, ఓపెన్‌కాస్టుల్లో డంపర్లూ, రామగుండంలో టర్బైన్లూ ఉండనే ఉన్నాయి. గనుల భద్రత చూసే కేంద్ర డైరెక్టరేట్ 1975లోనే ఒక సర్క్యులర్‌లో రెండు గీతలు గీసింది. ఎనిమిది గంటల పనికి 85 డెసిబెళ్లు హెచ్చరిక గీత, 90 ప్రమాద గీత. బాయి పనికి ఆ మాత్రం గీతలైనా ఉన్నాయి. ఇంటికి ఆనుకుని నాలుగు సాంచాలు పెట్టుకున్న ఆసామి షెడ్డుకు డెసిబెల్ మీటరు పట్టుకుని ఎవరొస్తారు?

మగ్గం చప్పుడు చెవిని ఏం చేస్తుందో స్కాట్లండ్‌లోని డండీ పట్టణం చెప్పింది. అక్కడ జనపనార మగ్గాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఆడవాళ్ల వినికిడిని విలియం టేలర్ బృందం కొలిచి 1965లో ప్రచురించింది. ఆ మగ్గాల చప్పుడు సుమారు 100 డెసిబెళ్లు. నష్టం ముందుగా 4000 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తుంది. తొలి పది పదిహేనేళ్లలో వేగంగా పెరిగి, అక్కడ నెమ్మదించి, తర్వాత కింది స్వరాల మీద పడుతుంది. ఆడియోగ్రామ్ కాగితం మీద ఆ చోట ఒక గుంట పడుతుంది. స, శ, చ లాంటి హల్లుల బలమంతా ఆ పై స్వరాల్లోనే ఉంటుంది కాబట్టి మనిషి ‘ఇనవడ్తది గని సమజ్ కాదు’ అంటాడు. గుంటతోపాటు చాలామందికి రెండోది కూడా వస్తుంది. ‘చెవుల జుయ్యిమంటాంది సారూ, పండుకుంటె ఇంకెక్కువైతాంది.’ కొందరికి అది కీచురాయి, కొందరికి ఈల, కొందరికి దూరాన నడుస్తున్న మోటరు. డాక్టర్లు దానికి టినిటస్ అని పేరు పెట్టుకున్నారు. ప్రపంచవ్యాప్త అధ్యయనాలన్నీ కలిపి 2022లో వేసిన లెక్క ప్రకారం పెద్దవాళ్లలో సుమారు 14 శాతం మందికి ఏదో ఒక మేరకు ఇది ఉంది. తీవ్రంగా బాధపడేవాళ్లు 2 శాతం.

దీనితో వచ్చిన చిక్కు సాక్ష్యం దగ్గర. జ్వరానికి థర్మామీటరు ఉంది, ఎముక విరిగితే ఎక్స్‌రే ఉంది. ఈ హోరు విన్నవాడికి తప్ప మరొకరికి లేదు. డాక్టరు దీపం పెట్టి చూస్తే కర్ణభేరి శుభ్రంగా మెరుస్తూ ఉంటుంది. ఇంట్లోవాళ్లు రెండు రోజులు జాలిపడి, మూడో రోజు ‘నీకు ఊకె అనుమానం’ అంటారు. అనుమానం అనడానికి వాళ్లకు ఒక ఆధారం దొరికే ప్రమాదం కూడా ఉంది. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు అమెరికన్లు వినికిడి బాగున్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఏం వినిపిస్తే అది రాయమన్నారు. 94 శాతం మంది ఏదో ఒక చప్పుడు విన్నామని రాశారు. నిశ్శబ్దంలో కూర్చోబెడితే దాదాపు అందరి చెవులూ ఏదో ఒకటి పలుకుతాయన్నమాట. మరి రోగి ఎవరు, ఆరోగ్యవంతుడెవరు? గీత ఎక్కడ గీయాలి? ఈ ప్రశ్నకు ఒక్క డాక్టరు తన గదిలో కూర్చుని జవాబు చెప్పలేడు. పదిమంది పదిచోట్ల ఒకే తీరుగా కొలిస్తే తప్ప ఆ గీత దొరకదు. అంటే ముందు ఒకచోట కూర్చుని, కొలిచే తీరు మీద ఒప్పందానికి రావాలి. సదస్సు అవసరం నిజంగా ఇక్కడ మొదలవుతుంది.

కొలిచే పనిని వరసగా చూద్దాం, పనితనమంతా ఆ వరసలోనే ఉంది కాబట్టి. మొదట మామూలు ఆడియోగ్రామ్. చప్పుడు వినిపిస్తే పది డెసిబెళ్లు దించాలి, వినిపించకపోతే అయిదు పెంచాలి. దిగడం పెద్ద అంగ, ఎక్కడం చిన్న అంగ. ఇలా ప్రతి స్వరానికీ అంచు దొరుకుతుంది. ఆ తర్వాత హోరు ఎత్తు, అంటే అది ఏ స్వరం దగ్గరుందో పట్టుకోవాలి. రెండు స్వరాలు వినిపించి ‘నీ చెవిలోదానికి ఏది దగ్గర, మొదటిదా రెండోదా’ అని అడుగుతారు. ‘ఎట్లుంది?’ అని విడిగా అడగరు. అలా అడిగితే మనిషి వర్ణించడం మొదలుపెడతాడు. రెండింట్లో ఒకటి ఎంచమంటే చెవితో జవాబు చెబుతాడు.

ఇక్కడొక మెలిక. రెండు స్వరాల్లో ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా వినిపిస్తే మనిషి ఎత్తును వదిలేసి గట్టిదనాన్ని చూసి ఎంచుకుంటాడు. అందుకని ఎత్తు అడిగే ముందు ప్రతి స్వరం గట్టిదనాన్నీ హోరుతో సరిసమానం చేసుకోవాలి. ఇంకో మెలిక సంగీతం తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. మధ్య షడ్జానికీ తార షడ్జానికీ పోలిక ఉన్నట్టే, హోరు 6000 దగ్గరున్నవాడు 3000 విని ‘ఇదే’ అనవచ్చు. కాబట్టి జవాబు దొరికిందని ఆగకుండా, దానికి రెట్టింపు స్వరాన్నీ సగం స్వరాన్నీ వినిపించి మళ్లీ అడగాలి. ఈ ఒక్క జాగ్రత్త వెనక ఎన్ని తప్పుడు జవాబులు ఉండి ఉంటాయో!

గట్టిదనం కొలిచేటప్పుడు అయిదు డెసిబెళ్ల అంగలు పనికిరావు, ఒక్కొక్క డెసిబెల్‌గా కదలాలి. తర్వాత ముసుగు. ఝరి మోతలాంటి చప్పుడును చెవిలోకి పంపి, హోరు మాయమయ్యేదాకా పెంచి, ఆ మట్టం రాసుకుంటారు. చివరిది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఆ మట్టానికి మరో 10 డెసిబెళ్లు కలిపి ఒక నిమిషంపాటు వినిపించి, ఠక్కున ఆపి, ‘ఇప్పుడు?’ అని అడుగుతారు. చాలామందికి హోరు కొన్ని క్షణాలపాటు, కొందరికి నిమిషాలపాటు తగ్గుతుంది, లేదా పూర్తిగా పోతుంది. మెల్లగా తిరిగొస్తుంది. ఏళ్లుగా నిశ్శబ్దం ఎరగని మనిషికి ఆ కాసేపు ఎలా ఉంటుందో ఊహించుకోండి. అది చికిత్స కాదు, కొలత మాత్రమే. అయినా ఇంట్లో ఎవరూ నమ్మని చప్పుడును బయటినుంచి ఒకరు ఆపి చూపించారన్న సంగతి రోగికి చిన్నది కాదు.

1971లో జర్మనీ వైద్యుడు హరాల్డ్ ఫెల్డ్‌మన్ ఈ ముసుగు పనిని పట్టుకుని ఒక వింత బయటపెట్టాడు. బయటి చప్పుడునైతే దాని దగ్గరి స్వరాలే బాగా కప్పగలవు, దూరపు స్వరాలు అంత తేలిగ్గా కప్పలేవు. హోరుకు ఈ నియమం పట్టలేదు. కొందరిలో ఏ స్వరమైనా దాన్ని కప్పింది, కొందరిలో ఏదీ కప్పలేదు. పక్క చెవిలో వేసిన చప్పుడు ఈ చెవిలోని హోరును ఆపిన సందర్భాలూ ఉన్నాయి. దీన్నిబట్టి హోరు లోపలి చెవిలో మోగే మామూలు స్వరం కాదు, మెదడు దాకా పాకిన వ్యవహారం అనే అనుమానానికి బలం వచ్చింది.

అమెరికాలో ఈ పనికి పెద్ద దిక్కు ఒరెగన్‌కు చెందిన జాక్ వెర్నన్. ఆయన కథ ఈ రంగంలో అందరూ చెప్పుకునేదే. 1970లలో చార్లెస్ యునైస్ అనే కాలిఫోర్నియా వైద్యుడు, తానే హోరు బాధితుడు, పోర్ట్‌లండ్‌లో వెర్నన్‌తో కలిసి నడుస్తూ ఒక ఫౌంటెన్ పక్కన ఆగిపోయాడు. నీళ్ల మోతలో తన హోరు వినిపించడం లేదట. అక్కడినుంచి కదలనన్నాడట. చెవిలో పెట్టుకునే మాస్కర్ యంత్రాల వెనక ఆ ఫౌంటెన్ ఉంది. కథ బాగుంది గానీ, నాకు ఫౌంటెన్ కంటే ఆ తర్వాత జరిగింది గొప్పగా అనిపిస్తుంది. వెర్నన్, ఆయన సహోద్యోగి మేరీ మీకిల్ కలిసి ఒక ముచ్చటను పట్టికలుగా, మట్టాలుగా, వందల మంది రోగుల రికార్డులుగా మార్చారు. ముచ్చట ఎవరైనా చెబుతారు, పట్టిక వేసేవాళ్లు అరుదు.

1979లో న్యూయార్క్‌లో మొదటి అంతర్జాతీయ టినిటస్ సెమినార్ జరిగింది. 1981లో లండన్‌లో సిబా ఫౌండేషన్ వారి సదస్సు ఈ విషయం మీదే వచ్చింది. సిబా వాళ్ల పద్ధతి నాకు నచ్చుతుంది. పిలిచేది కొద్దిమందిని, కూర్చునేది ఒక్క గదిలో, పత్రం చదవగానే చర్చ. ఆ చర్చను పుస్తకంలో పత్రం పక్కనే అచ్చేస్తారు. ఎవరు ఎవరిని నిలదీశారో, ఎవరు వెనక్కి తగ్గారో అన్నీ నలభై ఏళ్ల తర్వాత కూడా చదువుకోవచ్చు. మన సాహిత్య సభల్లో వాదాలన్నీ చాయ్ దుకాణం దగ్గర జరిగి గాలిలో కలిసిపోతాయి, అచ్చయ్యేది ప్రశంసా వాక్యం ఒక్కటే. ఆ లండన్ సదస్సు హోరు కొలతలకు నాలుగు స్తంభాలు పాతింది. హోరు ఎత్తు, గట్టిదనం, దాన్ని కప్పడానికి కావలసిన మట్టం, కప్పి వదిలాక దొరికే నిశ్శబ్దం. ఇంతకుముందు నేను చెప్పిన వరస అదే.

అయితే ఆ నాలుగు స్తంభాల మీద ఇల్లు నిలబడలేదు. కారణం పాతదే. 1940లలోనే చెవి వైద్యుడు ఎడ్మండ్ ఫౌలర్ గమనించాడు. హోరు గట్టిదనాన్ని బయటి స్వరంతో సరితూచితే అది సాధారణంగా వినికిడి అంచుకు 5, 10 డెసిబెళ్ల పైనే తేలుతుంది. అంటే గుసగుస కంటే మెల్లన. కానీ ఆ మనిషికి నిద్ర కరువైంది, కోపం పెరిగింది, పని మీద మనసు పోవడం లేదు. అంతే కొలత వచ్చిన ఇంకో మనిషి ‘ఉంటే ఉన్నది’ అని పని చేసుకుంటున్నాడు. చప్పుడును ఎంత నాజూకుగా కొలిచినా బాధ అందులో దొరకదు. దాన్ని వేరే కొలబద్దతో కొలవాలి. వెర్నన్ తరం తమ కొలతలను చూసి మురిసిపోయి ఇక్కడే ఆగిపోవచ్చు. ఆగలేదు.

1996లో న్యూమన్, జేకబ్సన్, స్పిట్జర్ అనే ముగ్గురు తయారుచేసిన ప్రశ్నావళి ఆ రెండో కొలబద్ద. ప్రశ్నలు 25. ప్రతిదానికీ మూడే జవాబులు. అవునంటే 4, అప్పుడప్పుడంటే 2, లేదంటే 0. మొత్తం నూరు. 16 దాకా నామమాత్రం, 78, ఆ పైన వస్తే విపరీతం. ప్రశ్నల్లో చెవి గురించి తక్కువ, బతుకు గురించి ఎక్కువ. కోపం వస్తుందా, నిద్ర పట్టడం లేదా, ఇంట్లోవాళ్లతో సంబంధం చెడిందా, దీన్నుంచి తప్పించుకోలేనని అనిపిస్తుందా. ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొందికగా నిలుస్తాయో లెక్కగట్టే సంఖ్య 1కి దగ్గరగా ఉంటే మంచిది. దీనికి 0.93 వచ్చింది. 2012లో మీకిల్ బృందం ఇంకో ప్రశ్నావళి తెచ్చింది. దాని ప్రత్యేకత మార్పును పట్టుకోవడం. నూటికి 13 పాయింట్లు తగ్గితేనే రోగికి అది నిజమైన తేడాగా తోస్తుందని వాళ్లు తేల్చారు. చికిత్స చేసినవాడు రెండు పాయింట్లు తగ్గాయని చంకలు గుద్దుకోకుండా కట్టిన గట్టు అది.

మనిషిని ప్రశ్న అడగవచ్చు. ఎలుకను ఎలా అడగాలి? మందులు పరీక్షించాలంటే ముందు జంతువుల్లో హోరు ఉందో లేదో తెలియాలి. ఆదిలాబాద్ ఏజెన్సీలో చలిజ్వరాలకు క్వినైన్ మింగిన పాతతరానికి మందుతో కూడా చెవులు మోగుతాయని తెలుసు. ఆస్పిరిన్ జాతి సాలిసిలేట్లు ఎక్కువైనా అంతే. 1988లో పావెల్ జాస్ట్రెబాఫ్ బృందం ఈ రెండో సంగతిని పట్టుకుంది. ఆ ప్రయోగాన్ని తలచుకున్నప్పుడల్లా ఆ తెలివికి దండం పెట్టాలనిపిస్తుంది.

దాహంతో ఉన్న ఎలుకలు గొట్టం దగ్గర నీళ్లు నాకుతుంటాయి. వెనక ఎడతెగకుండా ఒక చప్పుడు. అప్పుడప్పుడూ ఆ చప్పుడు ఆగిపోతుంది, ఆ విరామం చివర కాలికి చిన్న షాక్. త్వరలోనే ఎలుక నేర్చుకుంటుంది. నిశ్శబ్దం వస్తే ప్రమాదం, నాకడం ఆపాలి. ఇప్పుడు షాకులు తీసేసి, కొన్ని ఎలుకలకు సాలిసిలేట్ ఇచ్చి, చప్పుడు ఆపి చూశారు. మందు తీసుకోని ఎలుకలు నీళ్లు మానేసి బిగుసుకున్నాయి. మందు తీసుకున్నవి అంతగా వెనుకాడకుండా నాకుతూనే ఉన్నాయి. వాటికి నిశ్శబ్దం రాలేదన్నమాట, లోపల ఏదో మోగుతూనే ఉంది. బాగుంది గానీ, మందు వల్ల ఎలుకకు భయం పోయిందేమో, దాహం పెరిగిందేమో అని ఎవరైనా అడగవచ్చు. దానికీ జవాబు సిద్ధంగా ఉంచారు. ఇంకొన్ని ఎలుకలకు శిక్షణకు ముందునుంచే మందు ఇచ్చారు. వాటికి ప్రమాదపు గుర్తు నిశ్శబ్దం కాదు, ఆ లోపలి హోరే. అవి మామూలు ఎలుకల కంటే ఎక్కువకాలం భయపడ్డాయి. ఒకే మందు, ఇచ్చిన వేళ మారితే ఫలితం తలకిందులైంది. మందు భయాన్నే పోగొట్టేదైతే రెండుసార్లూ ఒకవైపే మొగ్గాలి. మాట రాని జీవి చేత సాక్ష్యం చెప్పించి, క్రాస్ ఎగ్జామినేషన్ కూడా చేసిన పని ఇది. రెండేళ్ల తర్వాత, 1990లో, జాస్ట్రెబాఫ్ ప్రతిపాదించిన నమూనా ఈ దారిలోనే నడిచింది. హోరు పుట్టేది చెవిలో కావచ్చు, దాన్ని బాధగా మార్చేది భయానికీ భావోద్వేగానికీ సంబంధించిన మెదడు దారులని.

ఇక 2006 జులై, జర్మనీలోని రెగెన్స్‌బర్గ్. బెర్తోల్డ్ లాంగూత్ ముందుండి నడిపిన టినిటస్ రీసెర్చ్ ఇనిషియేటివ్ తొలి సమావేశం. చెవి వైద్యులు, మానసిక వైద్యులు, నరాల వైద్యులు, ఆడియాలజిస్టులు, అనేక దేశాలవాళ్లు. అప్పటికి ఎవరి పద్ధతి వారిదే, ఒకరి ఫలితాలను ఇంకొకరి వాటితో పోల్చడానికి వీల్లేదు. వాళ్లు కూర్చుని రోగిని పరీక్షించే జాబితా రాశారు, మరుసటి ఏడాది అచ్చయింది. ప్రతి అంశానికీ మూడు అక్షరాల్లో ఒకటి. ఏ అంటే తప్పనిసరి, బీ అంటే చేస్తే చాలా మంచిది, సీ అంటే ఆసక్తి ఉంటే చూడవచ్చు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ సభ నిండా నిపుణులున్నప్పుడు ప్రతివాడికీ తన పరీక్షే తప్పనిసరి. ఏదో ఒకదాన్ని సీలోకి దించడమంటే ఒకరి జీవితకాలపు పనిని మర్యాదగా పక్కన కూర్చోబెట్టడం. కరీంనగర్ వెండి ఫిలిగ్రీలో తీగల మధ్య వదిలిన ఖాళీయే నగిషీని నిలబెట్టినట్టు, ఈ జాబితాను నిలబెట్టింది తప్పనిసరి కాదని తేల్చిన అంశాలు. అన్నీ ఏలో పెట్టి ఉంటే అది పెద్దాసుపత్రుల గోడ మీద బొమ్మగా మిగిలేది. ఒక ఆడియోమీటరు, ఒక ఓపికగల మనిషి ఉన్న చోట కూడా నడవాలంటే తప్పనిసరి అనేది చిన్నదిగానే ఉండాలి.

దానితోపాటు రోగి చరిత్ర అడిగే 35 ప్రశ్నలు కూడా తయారయ్యాయి. వాటిని నెమ్మదిగా చదివితే ప్రతిదాని వెనకా ఒక అనుమానం, ఒక దారి కనిపిస్తాయి. హోరు గుండె చప్పుడుతో కలిసి కొట్టుకుంటుందా అని ఒక ప్రశ్న. అవునంటే ఇది చెవి సంగతి కాకపోవచ్చు, రక్తనాళాలు చూడాలి. దవడ ముందుకు చాపినా, పళ్లు బిగించినా మారుతుందా అని ఇంకొకటి. మారితే మెడ, దవడ నరాల వైపు వెళ్లాలి. పగలు కునుకు తీస్తే ఏమవుతుందని మరొకటి. జలపాతం హోరులోనో, షవర్ కింద నీళ్ల చప్పుడులోనో తగ్గుతుందా అని కూడా అడుగుతారు. పోర్ట్‌లండ్ ఫౌంటెన్ అక్కడ ప్రశ్నగా మారి కూర్చున్నట్టు నాకు తోస్తుంది.

ఆ ప్రశ్న నేరడిగొండలో అడగడం తేలిక. కుంటాల జలపాతం ఉంది, చూసినవాళ్లున్నారు. సిరిసిల్లలో షవర్ అంటే కష్టం. బకెట్, మగ్గు ఉన్న ఇంట్లో రేకుల మీద వాన చప్పుడు అని అడగాలి. పాత 25 ప్రశ్నల్లో చదవడానికి ఇబ్బందిగా ఉందా అన్నది ఒకటుంది. పేపరు పట్టని మనిషిని ఏం అడగాలి? ఇష్టం వచ్చినట్టు మార్చేస్తే ఆ 0.93 పోతుంది, మళ్లీ మన జనం మీద పరీక్షించి పొందిక రుజువు చేయాలి. ప్రశ్నావళిని తెలుగులో అడగడం ఇంకో పూర్తి పని, పంతులు చేసే తర్జుమా కాదు.

మన దేశంలో ఈ పని చేయగల చేతులు లేకపోలేదు. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో మొదలైంది. ముంబయిలో 1983లో పెట్టిన జాతీయ సంస్థకు మన హైదరాబాదీ పేరే ఉంది. ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా, మహారాష్ట్ర గవర్నర్‌గా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరు. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. ఆడియాలజిస్టుల సంఘం ఏటా ఇషాకాన్ అనే సదస్సు జరుపుతుంది, చెవి ముక్కు గొంతు వైద్యులు ఏఓఐకాన్ జరుపుతారు.

ఇలాంటి పనిలో తెలుగుకు జరిగిన ఒక మేలును చెప్పకపోతే అన్యాయం. కిశోర్ తన్నీరు, విజయకుమార్ నార్నె, సహచరులు రొదలో మాట ఎంత అందుతుందో కొలిచే తెలుగు వాక్యాల జాబితాలు చేసి 2017లో అంతర్జాతీయ ఆడియాలజీ పత్రికలో ప్రచురించారు. వాక్యాలు రాయడం తేలికే. తెలుగువాళ్లు ఆ వాక్యాలను సహజంగా ఉన్నాయనాలి. పైగా ప్రతి జాబితా మరో జాబితాతో సమానంగా కష్టమవ్వాలి. లేకపోతే ఈ రోజు ఒక జాబితాతో, ఆరు నెలల తర్వాత ఇంకో జాబితాతో పరీక్షించినప్పుడు మార్పు చెవిలో వచ్చిందో, జాబితాలో వచ్చిందో ఎవరు చెప్పాలి? అందుకే వేర్వేరు మట్టాల రొదలో వినిపించి, విన్నవాళ్లు ఎంత చెప్పగలిగారో చూసి, తూకం సరిచేశారు. సాంచాల పనివాళ్లకు ఈ పరీక్ష సరిగ్గా సరిపోతుంది. నిశ్శబ్దమైన గదిలో వాళ్లు బాగానే వింటారు, పెళ్లిలోనో అంగట్లోనో తడబడతారు.

మార్కులు వేసేవాళ్లకు మాత్రం ఒక మాట చెప్పాలి. ‘వచ్చింది’ అని వినిపిస్తే వేములవాడ మనిషి ‘అచ్చింది’ అని తిరిగి చెబుతాడు. అది వినికిడి తప్పు కాదు, ఊరి నాలుక. ఆ సంగతి తెలియని ఆడియాలజిస్టు చేతిలో చెవి బాగున్నవాడు కూడా ఫెయిలవుతాడు.

చికిత్స సంగతి త్వరగా ముగిస్తాను, చెప్పడానికి తక్కువే ఉంది. హోరును తుడిచేసే మందు లేదు. వినికిడి తగ్గినవాళ్లకు హియరింగ్ ఎయిడ్ చాలాసార్లు ఉపశమనం ఇస్తుంది. ఆలోచనా తీరును మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి కొంత ఆధారముంది. చికిత్సల ఆధారాలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ సమీక్ష కూడా 2020లో అది మేలు చేయవచ్చని అంది. ఇది హోరును తగ్గించదు, హోరు పెట్టే బాధను తగ్గిస్తుంది.

ఈ తేడాను పట్టుకునే రెండు ప్రశ్నలు ఆ రెగెన్స్‌బర్గ్ కాగితంలోనే ఉన్నాయి. మెలకువగా ఉన్న సమయంలో ఎంత శాతం హోరు మీ ధ్యాసలో ఉంటుంది? ఎంత శాతం సమయం అది మిమ్మల్ని విసిగిస్తుంది? శాతం అంటే ఇబ్బంది పడేవాళ్లను ‘రూపాయిల ఎన్ని పైసలు?’ అని అడిగితే చాలు, నూరు పైసలే కాబట్టి లెక్క చెడదు. ‘ఎనభై పైసలు ఇనవడ్తది, అరవై పైసలు పరేషాన్ చేస్తది’ అన్న మనిషి ఆరు నెలల తర్వాత వచ్చి మొదటిది ఎనభై అనే చెప్పి, రెండోది ఇరవైకి దించితే, చెవిలో చప్పుడు ఏమీ మారకపోయినా డాక్టరు ఫైల్లో చికిత్స పనిచేసిందని రాసుకోవచ్చు.